మొదటి రోజే షడ్భుజి గీయకండి

(డిగ్రీ కళాశాలల్లో కర్బన రసాయన శాస్త్రం చెప్పే యువ అధ్యాపకుల శిక్షణ తరగతిలో ఒక విశ్రాంత అధ్యాపకురాలు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయినవారి కోసం రికార్డింగు విని రాసింది.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్నవాళ్ళు కాస్త ముందుకు రండి, ఇక్కడ కుర్చీలు ఖాళీగా ఉన్నాయి. చివరి బెంచీ మీద ప్రేమ విద్యార్థులకే అనుకున్నాను, మేస్టార్లయినా పోదన్నమాట.

ఆ బల్ల మీద గిన్నెలో శనగలు చూసి టిఫిన్ అనుకుంటున్నారు కొందరు. కాదు. రాత్రి నానబెట్టి తెచ్చాను. పక్కన చీపురుపుల్లలు కూడా ఉన్నాయి. కొత్త చీపురువే, భయపడకండి. వాటితో మనకు పని ఉంది. అప్పటిదాకా ఎవరూ నోట్లో వేసుకోకండి.

నాకిచ్చిన విషయం, బెంజీన్ పాఠం ఎలా చెప్పాలి అని. బెంజీన్ అంటే ఆరు కార్బన్ల వలయం, పుస్తకాల్లో దాన్ని షడ్భుజిగా గీస్తారు. నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. మొదటి రోజు బోర్డు మీద షడ్భుజి గీయకండి. అంతే. ఇక నేను కూర్చోవచ్చు. కానీ గంట సమయం ఇచ్చారు కాబట్టి ఎందుకో చెబుతాను.

మన దగ్గరికి వచ్చే పిల్లలు ఎవరు? ఇంటర్ చదివి, ఎంసెట్, అదే ఇప్పటి ఈఏపీసెట్, కోచింగులో నలిగి వచ్చినవాళ్ళు. షడ్భుజి వాళ్ళకు ఎప్పుడో తెలుసు. దాని మధ్యలో సున్నా చుట్టడం తెలుసు. వలయం బెంజీన్‌లా స్థిరంగా ఉండాలంటే ఎన్ని ఎలక్ట్రాన్లు కావాలో చెప్పే హకల్ నియమం ఏమిట్రా అంటే నిద్రలో లేపినా 'ఫోర్ ఎన్ ప్లస్ టు' అంటారు. సరే, అందులో ఎన్ అంటే ఏమిటి అని అడగండి. 'కార్బన్ల సంఖ్య' అంటారు సగం మంది. నవ్వుతున్నారు, అంటే మీ క్లాసులోనూ జరిగిందన్నమాట. ఎన్ అనేది సున్నా, ఒకటి, రెండు లాంటి ఏదో ఒక పూర్ణాంకం, బెంజీన్‌కి ఒకటి, కాబట్టి ఆరు 'పై' (π) ఎలక్ట్రాన్లు, అంటే ద్విబంధాల్లో రెండో బంధానివి. ఈ ముక్క చెప్పలేని పిల్లవాడికి సూత్రం వచ్చినట్టా, రానట్టా?

తెలియనివాడికి చెప్పడం సులువు. తెలుసు అనుకున్నవాడికి ఎలా చెబుతాం? వాడికి షడ్భుజి జవాబుగా తెలుసు. ప్రశ్న ఏమిటో ఎవరూ చెప్పలేదు. నేను సర్వీసులో మొదటి పదేళ్ళూ ఈ తప్పే చేశాను. క్లాసులోకి వెళ్ళడం, షడ్భుజి గీయడం, 'ఇది బెంజీన్' అనడం, రాసుకోండి అనడం. వాళ్ళు రాసుకునేవాళ్ళు. పరీక్షలో నాకే తిరిగి రాసిచ్చేవాళ్ళు. అందరం సంతోషంగానే ఉన్నాం.

తర్వాత పద్ధతి మార్చాను. బోర్డు మీద 'సీ సిక్స్ హెచ్ సిక్స్' అని ఒక్కటే రాస్తాను. ఇదొక ద్రవం, 80 డిగ్రీల దగ్గర మరుగుతుంది, ఐదున్నర డిగ్రీలకే గడ్డకడుతుంది. పేరు నాకు తెలుసు, మీకూ తెలుసు, కానీ ఈ వారం ఎవరూ ఎత్తకూడదు, ఇది ఒప్పందం అంటాను. ఇప్పుడు మనం 1860లో ఉన్నాం, షడ్భుజి ఇంకా పుట్టలేదు అంటాను. మొదట నవ్వుతారు. పది నిమిషాల తర్వాత నవ్వరు.

ఎందుకు నవ్వరు? ఆరు కార్బన్లున్న హెక్సేన్‌లో హైడ్రోజన్లు ఎన్ని? 14. ఇక్కడ ఆరే. ఎనిమిది తక్కువ. ఇంత అసంతృప్త పదార్థం ఎలా ప్రవర్తించాలి? ఆకలి మీదున్నవాడు విస్తరి ముందు కూర్చున్నట్టు బ్రోమిన్ మీద పడాలి. పడుతుందా? పడదు.

ఈ ముక్క నోటితో చెప్పకండి, చూపించండి. కానీ బెంజీన్‌తో వద్దు, ఎందుకో తర్వాత చెబుతాను. దాని చెల్లెలు టాల్యూన్ ఉంది కదా, అది చాలు. రెండు పరీక్షనాళికలు తీసుకోండి, రెండింట్లోనూ కొంచెం బ్రోమిన్ నీళ్ళు. ఒకదాంట్లో వంటింట్లో వాడే సన్‌ఫ్లవర్ నూనె నాలుగు చుక్కలు, రెండోదాంట్లో టాల్యూన్. మూతపెట్టి ఊపండి. నూనె ఉన్న నాళికలో రంగు పోతుంది, తెల్లగా మజ్జిగలా అవుతుంది. నూనెలో ద్విబంధాలున్నాయి మరి. టాల్యూన్ నాళిక చూడండి. కింద నీళ్ళు పలచబడతాయి. ముందు బెంచీలో ఎవరో ఒకరు 'మేడమ్, రంగు పోయింది' అని అరుస్తారు. అప్పుడే తొందరపడి దిద్దకండి. 'పైన చూడు నాన్నా' అనండి. పైన తేలిన టాల్యూన్ పొర నారింజ రంగులో ఉంటుంది. బ్రోమిన్ ఎక్కడికీ పోలేదు, ఇల్లు మారింది అంతే. నీళ్ళ కన్నా అక్కడ దానికి హాయి. ఈ ఒక్క చూపు చాలు, వాళ్ళ నమ్మకం కదలడానికి. ఒక జాగ్రత్త: ఆ నాళికని కిటికీ పక్కన ఎండలో పెట్టకండి. ఎండకి టాల్యూన్ పక్కనున్న మిథైల్ సమూహంలో బ్రోమినేషన్ మొదలై నిజంగానే రంగు పోతుంది. ఒకసారి నాకే అయింది. పాఠమంతా తలకిందులు.

బెంజీన్ వలయానికి ఓహెచ్ సమూహం తగిలించిన ఫీనాల్‌తో ఇంకో చిక్కుంది, అది కూడా చేసి చూపించండి. బ్రోమిన్ నీళ్ళు పోయగానే రంగు పోతుంది, తెల్లటి అవక్షేపం పడుతుంది. 'చూశారా, ఇది ద్విబంధమున్న ఆల్కీన్ లాగే' అంటారు పిల్లలు. కాదు. అక్కడ జరిగింది సంకలనం కాదు, అంటే బ్రోమిన్ ఊరికే వచ్చి కలవడం కాదు. ప్రతిక్షేపణ, అంటే హైడ్రోజన్‌ని పంపేసి దాని చోట బ్రోమిన్ కూర్చోవడం. ఆ మాట ఇప్పుడే చెప్పకండి. రెండు రోజులు నలగనివ్వండి.

సాంబ్రాణి కథ

కాస్త చరిత్ర. బెంజీన్‌ని మొదట వేరుచేసింది మైకేల్ ఫారడే, 1825లో, లండన్‌లో. విద్యుత్తుతో మనకు తెలిసిన ఫారడేనే, పుస్తకాలకు బైండింగు చేసే కుర్రవాడిగా మొదలైనాయన. అప్పట్లో నూనెల్ని వేడిచేసి దీపాలకు గ్యాస్ తీసేవారు. దాన్ని 30 రెట్ల వాతావరణ పీడనంతో సీసాల్లో కుక్కి ఇళ్ళకు ఇచ్చేవారు. ఆ సీసాల అడుగున జిడ్డు ద్రవం మిగిలేది. ఫారడే దాన్ని స్వేదనం చేసి, చల్లబరిచి, గడ్డకట్టించి, పిండి శుద్ధి చేశాడు. 'బైకార్బ్యురెట్ ఆఫ్ హైడ్రోజన్' అన్నాడు. అంటే హైడ్రోజన్ ఒక వంతుకి కార్బన్ రెండు వంతులు. తప్పు కదా? ఆయన కొలత తప్పు కాదు. కార్బన్ పరమాణు భారం 6 అని తీసుకునే రోజులవి. 12 పెట్టి చూడండి, ఒకటికి ఒకటి వస్తుంది. ఈ లెక్క క్లాసులో చేయించండి, రెండు నిమిషాల పని.

ఇక రెండో కథ మన ఇంట్లోది. కొన్నేళ్ళ తర్వాత జర్మనీలో మిచెర్లిష్ అనే ఆయన బెంజోయిక్ ఆమ్లాన్ని సున్నంతో కలిపి వేడిచేసి ఇదే ద్రవాన్ని తీశాడు. బెంజోయిక్ ఆమ్లం ఎక్కడిది? బెంజోయిన్ అనే చెట్టు బంక నుంచి. ఆ బంకని మనమేమంటాం? అదే సాంబ్రాణి. శుక్రవారం ఇంట్లో పొగ వేస్తామే, అది. అంగడిలో ఇప్పుడు సాంబ్రాణి పేరుతో ఏమేం అమ్ముతున్నారో వేరే విషయం, కప్పు సాంబ్రాణిలో బొగ్గుపొడే ఎక్కువ. అసలు సాంబ్రాణి సుమత్రా వైపు నుంచి వచ్చేది. అరబ్బు వర్తకులు 'లుబాన్ జావీ' అన్నారు, జావా ధూపం అని. ఐరోపా వాళ్ళ నోట్లో ముందున్న 'లు' ఊడి, మిగిలింది బెంజోయ్, బెంజోయిన్ అయింది. దాన్నుంచి బెంజోయిక్, దాన్నుంచి బెంజీన్. పిల్లలకి ఇది చెప్పి, 'ఇకమీద మిమ్మల్ని ఎవరైనా సాంబ్రాణీ అని తిడితే సంతోషించండి, ఆరోమాటిక్ అంటున్నారు' అన్నాను ఒకసారి. ఆరోమాటిక్ అంటే సువాసన గలది అని అర్థం, బెంజీన్ కుటుంబానికి మన శాస్త్రంలో పేరు కూడా అదే. ఆ మాట కాలేజీ అంతా పాకింది. ఏడాదంతా స్టాఫ్ రూములో నన్ను వాయించారు.

మరి బెంజీన్‌ది వలయం అని చెప్పిన జర్మన్ రసాయన శాస్త్రవేత్త కేకులే కల సంగతి ఏమిటి అంటారు. పాము తన తోక తానే నోట కరుచుకోవడం. చెప్పండి, చెప్పొద్దనను. కానీ ఒక్కటి గుర్తుంచుకోండి. ఆయన వలయ నిర్మాణం ప్రచురించింది 1865లో. కల కథ చెప్పింది 1890లో, బెర్లిన్‌లో ఆ నిర్మాణానికి పాతికేళ్ళు నిండిన సందర్భంగా జరిగిన సన్మానంలో. పాతికేళ్ళ తర్వాత సన్మాన సభలో చెప్పిన మాట. మనకూ సభలు తెలుసు కదా. పైగా అదే ప్రసంగంలో ఆయన, మెలకువ వచ్చాక మిగతా రాత్రంతా ఆ ఊహ నిలుస్తుందా లేదా అని లెక్కలు వేసుకుంటూ కూర్చున్నానన్నాడు. మనం పాముని చెబుతాం, ఆ రాత్రి మిగతా సగాన్ని వదిలేస్తాం. నా అభిప్రాయంలో పాఠం ఆ సగంలోనే ఉంది.

శనగలు, చీపురుపుల్లలు

ఆ లెక్కలేమిటో ఇప్పుడు చూద్దాం. బెంజీన్‌లో ఒక హైడ్రోజన్ తీసి బ్రోమిన్ పెడితే వచ్చేది ఒకటే పదార్థం. ఎవరు చేసినా, ఎన్నిసార్లు చేసినా ఒకటే. రెండు బ్రోమిన్లు పెడితే మూడు పదార్థాలు. రెండు కాదు, నాలుగు కాదు, మూడు. ఈ రెండు అంకెలు బోర్డు మీద పెద్దగా రాయండి. ఒకటి, మూడు. ఇప్పుడు తలా ఆరు శనగలు, గుప్పెడు పుల్లలు ఇచ్చి, ఈ అంకెలకు సరిపోయే నిర్మాణం కట్టమనండి. శనగ కార్బన్, పుల్ల బంధం, ఒక్కో కార్బన్‌కి నాలుగు చేతులు.

సరళ శృంఖలాలు చాలావరకు ఒకటి దగ్గరే ఓడిపోతాయి. ఒకసారి ఒకమ్మాయి వచ్చింది, క్లాసులో ఎప్పుడూ నోరు విప్పని పిల్ల. 'మేడమ్, నాది సరిపోతోంది' అంది. చూస్తే రెండు చివర్లా మిథైల్, మధ్యలో రెండు త్రిబంధాలు. హెక్సా-టు-ఫోర్-డైఐన్. ఆరు హైడ్రోజన్లూ ఒకేలాంటివి! ఏది మార్చినా ఒకటే పదార్థం. నిజం చెబుతున్నాను, అప్పటిదాకా నాకు తట్టలేదు. ఆ క్షణంలో నాకు చెమటలు పట్టాయి, వెనక్కి తిరిగి బోర్డు తుడుస్తూ ఆలోచించుకున్నాను. తర్వాత నేనేమీ చెప్పకుండానే ఆ పిల్లే రెండో అంకె వేసుకుంది. రెండు బ్రోమిన్లూ ఒకే చివర, లేదా చెరో చివర. రెండే వస్తాయి, మూడు రావు. 'పోయింది మేడమ్' అంది. ఎంత దిగులుగా అందో! వంద మార్కుల పేపరు కన్నా ఆ దిగులు నాకు విలువైనది.

ఇంకొందరు గుడారం ఆకారం కడతారు, కింద ఒక త్రిభుజం, పైన ఒక త్రిభుజం, మధ్యలో మూడు నిలువు పుల్లలు. ద్విబంధాలు అసలే లేవు. దీన్ని నిజంగానే లాడెన్‌బర్గ్ అనే ఆయన ప్రతిపాదించాడు. ఒకటి వస్తుంది, మూడూ వస్తాయి! ఇది లెక్కకి నిలబడుతుంది. 'మరి ఇది ఎందుకు కాదు?' అని వదిలేయండి. ఆ గుడారం అణువుని 1973లో తయారుచేశారు కూడా, దాని పేరు ప్రిస్మేన్. పేలే ద్రవం అది. బెంజీన్ మాత్రం కాదు.

ఇక కేకులే షడ్భుజి కడతారు, ఒకటి విడిచి ఒకటి ద్విబంధం. గెలిచాం అనుకుంటారు. అప్పుడు అడగండి, పక్కపక్క కార్బన్ల మీద బ్రోమిన్లు పెడితే, వాటి మధ్య ద్విబంధం ఉన్నదొకటి, ఏకబంధం ఉన్నదొకటి, రెండు వేర్వేరు కదా? అప్పుడు మొత్తం నాలుగు రావాలి కదా? శనగలు చేతిలో ఉంటే ఈ ప్రశ్న వేలికి తగులుతుంది. బోర్డు మీద బొమ్మైతే తగలదు. ఇదే ఇబ్బంది కేకులేకీ వచ్చింది. 1872లో, ద్విబంధాలు క్షణక్షణం చోటు మార్చుకుంటుంటాయి అన్నాడు. ఆయన దగ్గరున్న సరంజామాతో అంతకన్నా చెప్పలేడు. పాపం, ఎలక్ట్రాన్ అన్న మాటే అప్పటికి లేదు.

కానీ మన పిల్లలు ఇప్పటికీ అదే రాస్తారు. 'రెజోనెన్స్ అనగా రెండు నిర్మాణాల మధ్య మారుచుండుట.' మనమే నేర్పాం. రెండు తలల బాణం గీసి అటూ ఇటూ చెయ్యి ఊపుతాం కదా, అది చూసి. కాదు, అణువు ఎప్పుడూ ఒక్కలాగే ఉంటుంది. మన రాతకే చేతకాక రెండు బొమ్మలు గీస్తున్నాం. నేను నరసింహస్వామిని చెప్పేదాన్ని. కాసేపు మనిషి, కాసేపు సింహం కాదు, స్తంభం లోంచి వచ్చినప్పటి నుంచీ ఒకే రూపం అని. బాగుందనుకున్నాను. ఒక కుర్రాడు లేచి, 'స్వామికి తల సింహం, ఒళ్ళు మనిషి కదా మేడమ్. బెంజీన్‌లో ఏ బంధం సింహం, ఏ బంధం మనిషి?' అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. వాడు చెప్పిందే నిజం, ఆరు బంధాలూ సమానం. అప్పటి నుంచి నరసింహుణ్ణి చెప్పి, ఆ కుర్రాడి ప్రశ్న కూడా నేనే చెబుతున్నాను.

సమానం అని ఎలా తెలుసు? 1929లో ఇంగ్లండులోని లీడ్స్‌లో క్యాథలీన్ లాన్స్‌డేల్ అనే శాస్త్రవేత్త హెక్సామిథైల్ బెంజీన్ స్ఫటికాల మీదికి ఎక్స్-కిరణాలు పంపి, వలయం చదునుగా ఉందని తేల్చారు. ఏకబంధం పొడవు 154 పికోమీటర్లు, ద్విబంధం 134, బెంజీన్‌లో ఆరూ 139. 1945లో రాయల్ సొసైటీ మొదటిసారి స్త్రీలను ఫెలోలుగా తీసుకున్నప్పుడు ఆ ఇద్దరిలో ఆవిడ ఒకరు. మన పాఠ్యపుస్తకాల్లో కేకులే ఫొటో ఉంటుంది, పాము బొమ్మ ఉంటుంది. ఆవిడ పేరు వెతుక్కోవాలి.

శక్తి లెక్క మీకు తెలిసిందే, త్వరగా చెబుతాను. సైక్లోహెక్సీన్‌కి హైడ్రోజన్ కలిపితే మోల్‌కి 120 కిలోజౌళ్ళు వెలువడతాయి. మూడు ద్విబంధాలకు 360 రావాలి. బెంజీన్‌కి వచ్చేది 208. తేడా 150 చిల్లర, అదే రెజోనెన్స్ శక్తి. ఇంతవరకు అందరూ చెబుతారు. ఇంకో అంకె కూడా పక్కన రాయండి. రెండు ద్విబంధాలున్న సైక్లోహెక్సాడైయీన్, ఒకటి-మూడు స్థానాలది, 232. ఇప్పుడు 208, 232 పక్కపక్కన చూడండి. మూడు ద్విబంధాలున్నవాడు రెండున్నవాడి కన్నా తక్కువ ఇస్తున్నాడు! అంటే బెంజీన్‌కి మొదటి హైడ్రోజన్ అణువుని కలపాలంటే శక్తి రాదు సరికదా, మనమే 24 కిలోజౌళ్ళు ఎదురివ్వాలి. ఈ ఒక్క తీసివేత చేయిస్తే, బ్రోమిన్ ఎందుకు మీద పడలేదో పిల్లలే చెబుతారు.

ప్రతిక్షేపణ చర్యలకి నాది పొలం పోలిక. ఆరుగురు అన్నదమ్ములు, అంటే ఆరు కార్బన్లు, తలా ఎకరం, అంటే ఒక్కో ఎలక్ట్రాన్, తెచ్చి కలిపి, మధ్యలో గట్లు తీసేశారు. ఇప్పుడు ఏ ఎకరం ఎవరిదంటే ఎవరూ చెప్పలేరు. ధనావేశమున్న నైట్రోనియం అయాన్ అనే అప్పులవాడు వచ్చాడు, ఒక తమ్ముడి గుమ్మంలో కూర్చున్నాడు, రెండు ఎలక్ట్రాన్లు పట్టుకున్నాడు. ఉమ్మడి చెడింది. మిగిలిన నాలుగు ఎలక్ట్రాన్లు ఐదుగురి మధ్య, పైగా ధనావేశం నెత్తిన. ఇప్పుడు రెండు దారులు. శాశ్వతంగా విడిపోవడం, అది సంకలనం. లేదా ఆ తమ్ముడు తన దగ్గరున్న హైడ్రోజన్‌ని ప్రోటాన్‌గా పంపేసి, ఆ బంధంలోని రెండు ఎలక్ట్రాన్లనూ ఉమ్మడిలో వేసి, గట్టు మళ్ళీ చెరిపేయడం. 150 కిలోజౌళ్ళ ఆస్తి ఉన్న కుటుంబం ఏ దారి పడుతుంది? ఇప్పుడు ఫీనాల్ దగ్గరికి వెళ్ళండి, రెండు రోజులు నలిగింది కదా. ఆక్సిజన్ తన ఎలక్ట్రాన్లనీ ఆ పొలంలోకి తోస్తోంది, అందుకే ఉత్ప్రేరకం లేకుండానే బ్రోమిన్ పని అయిపోతోంది. బెంజీన్‌కైతే ఇనుప రజను వేయాలి.

ల్యాబు గురించి రెండు మాటలు, ఇవి నవ్వుతూ చెప్పేవి కావు. నేను చదువుకునే రోజుల్లో చేతులకి గ్రీజు అంటితే బెంజీన్‌తోనే కడుక్కునేవాళ్ళం. సీసా బల్ల మీదే ఉండేది, మూత సగం తీసి. ఎవరూ తప్పన్లేదు. అది ఎముక మజ్జని దెబ్బతీస్తుంది, ల్యుకేమియా, అంటే రక్త క్యాన్సర్, తెస్తుంది, మనుషుల్లో క్యాన్సర్ కలిగిస్తుందని రుజువైన పదార్థం. మనం బండిలో పోసుకునే పెట్రోలులోనే ఒక శాతానికి మించకూడదని నిబంధన ఉంది. మీ అలమరాలో పాత సీసా ఉంటే తరగతిలో తెరవకండి. నైట్రేషన్ చూపించాలంటే ఎసిటానిలైడ్ ఉంది. మండించి మసి చూపించాలంటే కలరా ఉండలోంచి చిన్న ముక్క, అదీ కిటికీలు తీసి, మీరే చేయండి. నాఫ్తలీన్ అయితే నల్లటి మసి దారాలు దారాలుగా లేస్తుంది. ఆ పక్కనే హారతి కర్పూరం వెలిగించండి, అదీ మసి కడుతుంది. కర్పూరం ఆరోమాటికా? కాదు. వాసనని నమ్మొద్దు, మసిని కూడా పూర్తిగా నమ్మొద్దు.

హకల్ నియమం ఆఖర్న చెప్పండి, మొదట కాదు. ఎనిమిది కార్బన్ల వలయం, సైక్లోఆక్టాటెట్రయీన్, విల్‌స్టేటర్ 1911లో చేశాడు. బొమ్మలో బెంజీన్‌కి అక్కలా ఉంటుంది, బ్రోమిన్ పోస్తే మామూలు ఆల్కీన్‌లా కలుపుకుంటుంది. చదునుగా కూడా ఉండదు, తొట్టిలా వంగి ఉంటుంది. అది చూశాక 'ఆరుంటే ఇలా, ఎనిమిదుంటే అలా, ఎందుకు మేడమ్?' అని వాళ్ళే అడుగుతారు. అప్పుడు చెప్పండి ఫోర్ ఎన్ ప్లస్ టు.

సిలబస్ అవదు కదా అంటారా? వారం పడుతుంది, నిజమే. తర్వాత వచ్చే ప్రతిక్షేపణలు, దిశానిర్దేశం, వాటిల్లో మూడు రోజులు కలిసొచ్చాయి నాకు. అందరికీ కలిసొస్తాయని మాట ఇవ్వలేను.

టీ వచ్చినట్టుంది. లేవకండి, ఒక్క నిమిషం. గిన్నె ఇటు వైపు నుంచి పంపిస్తున్నాను, తలా ఆరు శనగలు తీసుకోండి. ఇందాక గుడారం ఒకటీ, మూడూ రెండు లెక్కలకీ నిలబడిందన్నాను కదా. అది కట్టి, రెండు బ్రోమిన్లు ఎదురు మూలల్లో, అంటే చతురస్రం ముఖం మీద కర్ణం వెంట పెట్టి, అద్దంలో చూసినట్టు ఇంకోటి కట్టండి. రెండూ ఒకదాని మీద ఒకటి సరిగ్గా కూర్చుంటాయా? టీ తాగేలోపు చెప్పాలి. కట్టడం అయ్యాక శనగలు తినొచ్చు.